కొమ్ముల సైకిల్ సంగతి

ముఖేడ్,
3 సెప్టెంబర్ 2025

శివరాం మామకు,

కాళ్ళు మొక్కి ప్రాచి రాసేది. నీకు ఫోన్ చేస్తే నేను అరిచేది ఈ వీధంతా వింటుంది, నువ్వు తప్ప. అందుకే ఉత్తరం. తెలుగు అక్షరాలు నేర్పినవాడివి నువ్వే కాబట్టి ఇందులో తప్పులుంటే పూచీ కూడా నీదే.

ఇక్కడ వానలు ఆగలేదు. నిలేశ్ దుకాణంలో విత్తనాల సంచులు తడిశాయి, మిద్దె మీద ఆరబెట్టుకుంటూ తిరుగుతున్నాడు.

ఒక పని పడింది. మీ ఇంట్లో ఉండి కాలేజీ చదివే రోజుల్లో నేను తొక్కిన సైకిల్, నువ్వు కొమ్ముల సైకిల్ అని పేరు పెట్టింది, అటక మీద ఇంకా ఉందా? ఈత, సైకిల్, పరుగు మూడూ ఒకే పొద్దున చేసే పందేలకు తప్ప అది దేనికీ పనికిరాదని అనేవాడివి. నిజమే. పెళ్ళయి ఆరేళ్ళు, దాన్ని ముట్టి ఎనిమిదేళ్ళు. ఇప్పుడు దాన్ని బాగు చేయించాలా వద్దా అని ఇంట్లో రోజూ అదే మాట. అత్తమ్మ ఆగ్రహం చాలా ఉంది. పొద్దున లేస్తే ఆగ్రహం, భోజనానికి కూర్చున్నా ఆగ్రహమే. నిలేశ్ తల్లికి ఎదురు చెప్పడు, పక్కన కూర్చొని నవ్వుతాడు. నేను మాత్రం పొద్దంతా విచారంలోనే ఉంటున్నాను.

మంచి మిస్త్రీ ఎవరికైనా చూపించి, అది మళ్ళీ తొక్కడానికి వస్తుందో రాదో రాయి. నాకు తొందరగా తెలియాలి. ఎందుకని అడగకు.

బీపీ మాత్రలు మానకు.

నీ ప్రాచి


నాందేడ్,
9 సెప్టెంబర్ 2025

బిడ్డ ప్రాచికి,

కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి సగం పోయినా రెండు కళ్ళూ తెరుచుకొని ఉన్న నీ మేనమామ శివరాం ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి కవరును చదివాను. రైల్వే పార్సిల్ ఆఫీసులో ముప్పై ఒక్కేళ్ళు సీళ్ళు చూసిన కన్ను ఇది. ఆ కవరు ఒకసారి అంటించి, విప్పి, మళ్ళీ అంటించిన కవరు. జిగురు రెండు పొరలుంది. లోపల మడతలు చూస్తే రెండు కాగితాలకు సరిపడేంత ఉబ్బుంది, కాగితం మాత్రం ఒకటే. ఎవరు విప్పారు? ఏం తీశారు?

సరే, లోపలి సంగతికి వస్తాను. ఆగ్రహమా! అన్నం ముందు కూర్చొని ఆగ్రహమా! కంచం దగ్గర కోపం తెచ్చుకున్న ఇంట్లో అన్నపూర్ణ నిలవదని ప్రతి ఏకాదశికీ మన గల్లీలో గొంతు చించుకొని చెబుతున్నాను. పురాణాల్లో ఆగ్రహం ఎవరికి వచ్చింది? తపస్సు చెడిన మునులకు వచ్చింది, వరాల పొగరెక్కిన రాక్షసులకు వచ్చింది. మునులెవరూ ముఖేడ్‌లో కాపురం ఉన్నట్టు నేను వినలేదు. ఇక మీ అత్త ఇందుబాయిని ఏ వరుసలో కూర్చోబెట్టాలో నువ్వే చెప్పు.

నీ పెళ్ళిలోనే నాకు అనుమానం రావలసింది. నేను వద్దు వద్దంటుంటే ఆమె నా విస్తట్లో నాలుగో పూరన్‌పోళీ వేసింది. అంత తీపి ఊరికే ఉండదని అప్పుడు తోచలేదు. బంగారు జింక కూడా చూడడానికి అందంగానే ఉంది.

తల్లి కోపంతో ఊగిపోతుంటే పక్కన కూర్చొని నవ్వే మొగుణ్ణి నేను ఇంకా ఎక్కువ అనుమానిస్తాను. ఆ ఐదుగురు అన్నదమ్ముల్ని లక్క ఇంటికి పిలిచినవాళ్ళు నవ్వుతూనే పిలిచారు.

వాళ్ళకు నీ సైకిల్‌తో పనేమిటి? నాకు రెండే దారులు కనిపిస్తున్నాయి. దాన్ని తెప్పించి నీ కళ్ళ ముందే ముక్కలు చేయించాలని వాళ్ళు చూస్తున్నారు. లేదా దాని మీద ఎక్కి ఆ ఇల్లు విడిచి రావాలని నువ్వు చూస్తున్నావు. రెండోదైతే బస్సుంది బిడ్డా.

ఈ ఉత్తరం కూడా వాళ్ళు చదువుతారు. చదవనీ. నువ్వు కష్టంలో ఉంటే జవాబులో తారీఖు రాయకు. నాకు అర్థమవుతుంది. వచ్చేస్తాను.

కాపలా కాస్తున్న మామ,
శివరాం


ముఖేడ్,
17 సెప్టెంబర్ 2025

శివరాం మామకు,

తారీఖు రాశాను, చూడు. నా పెన్ను ఎండిపోతే నిలేశ్ జేబులోది లాక్కొని మరీ రాశాను.

నీ ఉత్తరం నాకు అర్థం కాలేదు. లక్క ఇల్లేమిటి, రాక్షసులేమిటి? కవరు ఎవరో విప్పారని అడిగావు. ఆ మాటకు జవాబు రాయను. విప్పినవాళ్ళు పరాయివాళ్ళు కాదు, అంతే.

నేను అడిగింది ఒక్కటే ముక్క, సైకిల్ ఉందా, బాగవుతుందా అని. రెండు పేజీల్లో నువ్వు దాని గురించి ఒక్క మాట రాయలేదు. నిజం చెప్పు మామా. ఎవరికైనా ఇచ్చేశావా? భజనకు వచ్చే పిల్లలెవరైనా అడిగితే దానం చేశావా? దానం మీద ప్రవచనం చెప్పిన మర్నాడు నువ్వు ఇంట్లో గొడుగు కూడా ఉంచవని నాకు తెలుసు. లేక పాత ఇనుముకు వేశావా? అది ఇనుము కూడా కాదు. నల్లటి గుడ్డను జిగురుతో పొరలు పొరలుగా గట్టిపరిచి చేసిన గొట్టాలవి, కార్బన్. పైకి ఏమీ కనబడకుండా లోపల విరిగిపోగలదు. అందుకే తెలిసినవాడి చేత చూపించమన్నాను.

లేదంటే లేదని రాయి. కోప్పడను. ఉందని ఆశపడి కూర్చోవడం ఇప్పుడు నా చేత కాదు.

అత్తమ్మ నీ ఆరోగ్యం అడిగింది. ఆమెకు నీ ఉత్తరం చదివి వినిపించలేదు, బతికిపోయావు.

ప్రాచి


నాందేడ్,
25 సెప్టెంబర్ 2025

ప్రాచీ,

తారీఖు చూశాను. తారీఖు ఒక సిరాతో, ఉత్తరం ఇంకో సిరాతో ఉంది. పెన్ను ఎవరిదో నువ్వే చెప్పావు. తారీఖు రాయించింది ఎవరో నేను చెప్పనక్కరలేదు. "అత్తమ్మ నీ ఆరోగ్యం అడిగింది" అన్న వాక్యం నీ వెనక నిలబడి చెప్పించినట్టుంది.

సైకిల్ ఉంది. నేను దానం చేసినవి చాలా ఉన్నాయి, నీ వస్తువు ఒక్కటీ వాటిలో లేదు. అటక మీంచి దింపాను. టైర్లు ఎండిన మట్టిపెళ్ళల్లా పొడి రాలాయి. గొలుసు తుప్పుపట్టి ఒకే కడ్డీ అయింది. మోచేతులు ఆనించే మెత్తలను ఎలుకలు తిన్నాయి. హ్యాండిల్ కొమ్ములు మాత్రం అట్లాగే ముందుకు చాచుకొని ఉన్నాయి, ఎవరినో పొడవబోతున్నట్టు.

స్టేషన్ అవతల కాశీరాం అని పందెం సైకిళ్ళు తెలిసిన మిస్త్రీ ఉన్నాడంటే ఆటోలో వేసుకొని వెళ్ళాను. ఆటోవాడు అడిగాడు, "ఏంది మామా, ఎద్దును గిట్ల కోసి తెస్తున్నవా?" అని. కాశీరాం దాన్ని తలకిందులుగా నిలబెట్టి, జేబులోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి, గొట్టాల మీద వేలెడు వేలెడు దూరంలో కొడుతూ వచ్చాడు. వినేవాళ్ళకు అదే పరీక్షట. బాగున్న చోట గలగలమంటుందట, లోపల విరిగిన చోట చప్పుడు చచ్చిపోతుందట.

"మామా, జెర ఇను. ఈడ టక్కుమంటుంది. ఈడ ధప్పుమంటుంది. ఫరక్ తెలుస్తుందా?" అన్నాడు నా ఎడమ చెవిలో అరుస్తూ.

"తెల్వదు."

"చెవి ఆనిచ్చి ఇను."

"ఆనిచ్చిన. నాకు రెండూ ఒకటే."

"మరి నేను చెప్తున్న గదా, ఫ్రేము పోయింది. నమ్ముర్రి."

"ఎందుకు నమ్మాలె?"

అతను నవ్వి పక్కవాడితో మరాఠీలో ఏదో అన్నాడు. అదీ నాకు వినబడలేదు. మనం వినలేని చప్పుడు చూపించి మన వస్తువు పనికిరాదనేవాణ్ణి ఏమనుకోవాలి? నేను అటు తిరగగానే ఆ కొమ్ములు విప్పుకుంటాడు. సైకిల్ మళ్ళీ ఆటోలో వేసుకొని ఇంటికి తెచ్చేశాను.

ఇక ఉత్తరాల వల్ల కాదు. వచ్చే సోమవారం ముఖేడ్ వస్తున్నాను. లంక నుంచి శరణు కోరి వచ్చినవాణ్ణి వానరరాజు ముందు అనుమానించాడు, అందులో తప్పు లేదు. ఎదురుగా నిలబెట్టి ముఖం చూశాకే తేలింది. నేనూ ఇందుబాయి ముఖం చూడాలి. ఆమెకు చెప్పవలసింది చెబుతాను. నువ్వు భయపడకు.

శివరాం


ముఖేడ్,
4 అక్టోబర్ 2025

మామా,

ఐదు రోజులు ఆగి రాస్తున్నాను. వెంటనే రాసుంటే ఈ కాగితం చింపి పారేసేవాడివి.

నువ్వు ఏం చేసి వెళ్ళావో నీకు తెలుసా? దుకాణం ముందు ఎరువుల కోసం వచ్చిన రైతులు పదిమంది ఉన్నారు. నువ్వు బస్సు దిగి, సంచి కింద పెట్టకుండా, వాకిట్లో నిలబడి కోపం గురించి ప్రవచనం మొదలుపెట్టావు. వాళ్ళు చెప్పులు విడిచి కూర్చున్నారు. ఒకాయన లేచి నీ కాళ్ళకు మొక్కాడు కూడా. అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి, "శివరామన్నకు ఎండ తాకినట్టుంది, మజ్జిగ తే బిడ్డా" అంది. నేను తెచ్చిన గ్లాసును నువ్వు వాసన చూశావు మామా. అందరి ముందు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి పక్కన పెట్టావు.

ఆ తర్వాత పాలిచ్చి పసిపిల్లల్ని చంపే రాక్షసి కథ అందుకున్నావు, అత్తమ్మ వైపు వేలు చూపించి. నేను లోపలికి వెళ్ళిపోయాను. అత్తమ్మ నా వెనకే వచ్చి తలుపు వేసింది. నన్ను గదిలో బంధించారని నువ్వు అరిచావట. నేను ముఖం కడుక్కొని, నీకు చూపించడానికి కాగితం మీద నాలుగు మాటలు రాసుకొని వచ్చేసరికి నిన్ను నిలేశ్ బస్సెక్కించాడు. దారంతా నవ్వాపుకున్నానన్నాడు. నాకు నవ్వు రాలేదు.

రాత్రంతా నీ ఉత్తరాలు తిరగేస్తే అప్పుడు అర్థమైంది. ఆగ్రహం! ఓ మామా, ఆగ్రహం అంటే కోపమని ఎవరు అనుకున్నారు? ధర్మాబాద్‌లో నేను చదివింది మరాఠీ బడి. మాకు ఆగ్రహం అంటే ప్రేమతో బలవంతపెట్టడం. "ఇంకొక భక్రీ తిను, నా మాట ఇను" అనడం. నీ విస్తట్లో నాలుగో పోళీ వేసిందే, అదీ ఆగ్రహం. నాకు తెలుగు మాట తోచక అదే రాశాను. అత్తమ్మ కోప్పడడం లేదు. ఆ సైకిల్ తెప్పించుకో, మళ్ళీ తొక్కు అని నన్ను పొద్దున, మధ్యాహ్నం బతిమాలుతోంది. పాత పెట్టెలో నా పందెం ఫొటో దొరికింది ఆమెకు. దాన్ని దేవుడి గూట్లో పెట్టి, "ఈ ఫొటోల ఉన్న పిల్లను నాకు తెచ్చియ్యి" అంటుంది.

ఆమెకు ఉత్తరం రాయి. క్షమించమను. ఆమె నీ మీద కోపంగా లేదు, అదే నాకు ఇంకా సిగ్గుగా ఉంది.

ఫ్రేము సంగతి ఎవరి చేతనైనా తేల్చు.

ప్రాచి


నాందేడ్,
11 అక్టోబర్ 2025

బిడ్డ ప్రాచికి,

తల దించుకొని శివరాం రాసేది.

ఇందుబాయికి వేరే కవరులో క్షమాపణ రాశాను. నాలుగు వరుసలే. ఇంత పొట్టిగా నేను ఏదీ రాయలేదు. ఆ మజ్జిగ నాకు బాకీ ఉంచమన్నాను.

అయినా నా తప్పు ఎట్లా జరిగిందో చెప్పనీ. ఈ గల్లీలో రోజుకు పదిసార్లు ఆగ్రహం అనే మాట మరాఠీలో వింటాను, వినగలిగినన్నాళ్ళు విన్నాను. నీ నోటితో అని ఉంటే పోళీ వడ్డిస్తున్న చేయే కనబడేది. కానీ నాకు తెలుగు అక్షరం పారాయణం కోసమే వచ్చింది. బళ్ళో కాదు, రామాలయం అరుగు మీద, ఒక్కొక్క గుణింతం నేనే కూడబలుక్కున్నాను. ఆ అక్షరాల్లో ఆగ్రహం అని చూడగానే నాకు జడలు విరబోసుకున్న మునే కనబడతాడు. నా కన్ను అట్లా తయారైంది.

ఇప్పుడు నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి, మరాఠీ చదువుకున్న పిల్ల రాసిందని గుర్తుపెట్టుకొని చదివాను. ఎంత తేలికైందనుకున్నావు ప్రాణం! "పొద్దంతా విచారంలోనే ఉంటున్నాను" అని రాశావు. నేనేమో నువ్వు కుమిలి కుమిలి ఏడుస్తున్నావనుకొని నెల రోజులు అన్నం సరిగ్గా తినలేదు. విచార్ కర్తే! ఆలోచిస్తున్నావంతే! ఒక సైకిల్ బాగు చేయించాలా వద్దా అని పొద్దంతా ఆలోచించే పిల్ల మా వంశంలో నువ్వొక్కతివే. అంత విచారం ఎందుకే? మొన్న భజనలో ఈ సంగతి చెబితే అందరూ కడుపు పట్టుకొని నవ్వారు.

ఫ్రేము సంగతి. కాశీరాం మాట నమ్మను, నా చెవి పనికిరాదు. అందుకని మన భజనలో పఖవాజ్ వాయించే మారోతిని పిలిచాను. తోలు మీద గోరు పడితే అది ఏ స్వరమో చెప్పే మనిషి. సైకిల్‌ను ఒళ్ళో పడుకోబెట్టుకొని, కళ్ళు మూసుకొని, వేళ్ళతో వాయించుకుంటూ వెళ్ళాడు. నీళ్ళ సీసా బిగించే చోటుకు జానెడు పైన ఆగాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. మళ్ళీ ఆగాడు.

"దాదా, ఈడ నాదం లేదు," అన్నాడు.

"బరాబర్ ఇన్నవా?"

"నా బిడ్డ మీద ఒట్టు. ఈడ సచ్చిపోయింది."

కాశీరాం సుద్దతో గుర్తు పెట్టిన చోటు సరిగ్గా అదే. పాపం, అతను నిజమే చెప్పాడు. లోపల విరిగింది. నీ చివరి పందెంలో నువ్వు పడలేదు కదా? అయితే ఇంకెవరో చేశారు. పోయినేడు సున్నం వేయడానికి వచ్చినవాళ్ళ మీద నాకు అనుమానం. అటకెక్కి దిగుతూ ఎక్కడో తొక్కి ఉంటారు. వాళ్ళ మేస్త్రీ నా ముఖం చూడకుండా మాట్లాడేవాడు. తేలుస్తాను.

విచారం చేస్తూ ఉండు!

నవ్వుకుంటూ,
నీ మామ


ముఖేడ్,
17 అక్టోబర్ 2025

మామా,

పందెంలో నేను పడలేదు.

ఆగ్రహం మరాఠీ. విచారం మాత్రం తెలుగు. ఆ ఒక్క మాట నువ్వు నేర్పిన అర్థంలోనే రాశాను.

మొదటి ఉత్తరం కవరు విప్పింది నేనే. రెండో కాగితం తీసేసి మళ్ళీ అంటించాను. ఆ కాగితం ఇన్నాళ్ళూ బియ్యం డబ్బా అడుగున ఉంది. ఇప్పుడు దీనితో పెడుతున్నాను. కొత్తగా మళ్ళీ రాసే ఓపిక లేదు.

"మామా, నీకు చెప్పనిది ఒకటుంది. పోయిన దసరా తర్వాత ఒకసారి, ఈ జూన్‌లో ఇంకోసారి. రెండుసార్లూ ఐదో నెల వచ్చాక కడుపులోనే పోయారు. జూన్‌లో పోయింది ఆడపిల్ల. నీకు చెప్పవద్దని నేనే అందరి దగ్గరా మాట తీసుకున్నాను. చెబితే నువ్వు ఏదో కర్మ గురించి చెబుతావని భయం. అత్తమ్మ ఏ కర్మా చెప్పలేదు. నలభై రోజులు నా తల దువ్వింది. ఒంటికి ఏ దోషం లేదని, ఇక ఆడుకోవచ్చు, పరుగెత్తవచ్చని డాక్టరమ్మ చెప్పింది. కానీ నా ఒళ్ళంటే నాకే నమ్మకం పోయింది మామా. మెట్లు దిగాలన్నా కడుపు పట్టుకుంటాను, లోపల ఏమీ లేకపోయినా. ఇదే ఒంటితో నేను ఒక పొద్దున గోదావరి పక్కన తొంభై కిలోమీటర్లు తొక్కానా? ఆ సైకిల్ మీద ఇంకొక్కసారి కూర్చుంటే నాకు తెలుస్తుంది."

ఇంతే ఆ కాగితం.

ప్రాచి


నాందేడ్,
25 అక్టోబర్ 2025

నా తల్లీ,

నీ ఉత్తరం పండుగ నాడు అందింది. ఇన్ని రోజులు కలం పట్టలేకపోయాను.

ఆ ఇంట్లో, ఆ వాకిట్లో, నీ ముందు నిలబడి నేను పసిపిల్లలు చచ్చిపోయే కథ చెప్పాను. వేలు చూపించి చెప్పాను. ఆ తల్లి నీ వెనకే వెళ్ళి ఎందుకు తలుపు వేసిందో ఇప్పుడు తెలిసింది. నేను బయట నిలబడి ఆ తలుపు బాదాను. తర్వాత నీ దుఃఖాన్ని పట్టుకెళ్ళి గల్లీలో చెప్పి నవ్వించాను. ఏమీ తెలియక చేశాననడం సగమే నిజం. నెల రోజులు నీ కవరు, నీ సిరా, నీ మడతలు అన్నీ చూశాను. నీకేమైందని ఒక్కసారి అడగలేదు. జవాబు నాకు నేనే చెప్పుకున్నాను.

కర్మ గురించి చెబుతానని భయపడ్డావు. చెప్పేవాణ్ణే. అందుకు నాకు నా మీదే భయం వేసింది. నీకు రాయడానికి ఒక మాట దొరుకుతుందేమోనని గ్రంథం తెరిచాను. ఇరవై పేజీలు తిప్పాను. ఏది చూసినా నాలాంటివాడు పక్కింటివాళ్ళకు చెప్పే మాటలాగే కనిపించింది. మూసేశాను.

ఇంకొకటి చెప్పాలి. సున్నం మేస్త్రీ ఇంటికి వెళ్ళి తగువు పెట్టుకొని వచ్చాను. వచ్చి, అటక మీద ఏ చోట తొక్కారో చూడడానికి దీపం పట్టుకొని ఎక్కాను. సైకిల్ అక్కడ పక్కకు పడుకోబెట్టి ఉండేది. దాని మీద ఏముండేదో తెలుసా? నా పారాయణ గ్రంథాల ఇనుప పెట్టె. ఇద్దరు మనుషుల బరువు. సైకిల్ దింపిన రోజు భజన పిల్లల చేత దాన్ని పక్కకు జరిపించాను, అయినా అప్పుడు నాకు తోచలేదు. పెట్టె కింద మూల ఆకుపచ్చ రంగు లేచిపోయి ఉంది. దిగి వచ్చి సైకిల్‌ను వెలుతురులో చూశాను. మారోతి నాదం లేదన్న చోట, నల్లటి గొట్టం మీద, గోరంత ఆకుపచ్చ రంగు. పార్సిల్ ఆఫీసులో ఎవరి పెట్టె ఎవరి పెట్టెను పగలగొట్టిందో ఇట్లాగే పట్టుకునేవాణ్ణి.

ఎవరూ తొక్కలేదు. ఎనిమిదేళ్ళు నీ సైకిల్ మీద పెట్టె పెట్టినవాణ్ణి నేనే. మేస్త్రీ దగ్గరికి మళ్ళీ వెళ్ళి చేతులు పట్టుకున్నాను. ఆయన నా ముఖం చూడకుండా మాట్లాడడం సిగ్గు వల్లట, నత్తి ఉంది.

ఇప్పుడు నిర్ణయం నీది. కాశీరాం దగ్గరికి వెళ్ళి, అతని మాట నిజమని ఒప్పుకొని, కూర్చొని అడిగాను. పుణేలో ఇవి బాగుచేసేవాళ్ళు ఉన్నారట. పగిలిన మేర గీకేసి, కొత్త గుడ్డ పొరలు జిగురుతో చుట్టి ఆరబెడతారట. నెలన్నర పడుతుంది. ముందుకంటే గట్టిగా ఉంటుందని వాళ్ళంటారట, తాను మాత్రం పూచీ పడనన్నాడు. మారోతిని అడిగితే, "అతుకేసినా మోగుతది దాదా, గని వాయించేటోనికి అతుకు యాదికే ఉంటది" అన్నాడు. నువ్వు ఊఁ అంటే రేపే నేను దాన్ని పుణే తీసుకువెళతాను. రైలు బోగీలో నా పక్కనే నిలబెట్టుకొని.

నువ్వు వద్దంటే వద్దు. నేనేమీ చెప్పను.

మామ


ముఖేడ్,
2 నవంబర్ 2025

శివరాం మామకు,

పెట్టె సంగతి విని అత్తమ్మ మొదటిసారి నీ మీద కోప్పడింది. తెలుగు ఆగ్రహమే. సైకిల్ కోసం కాదు, ఆ అటక మీదికి ఈ వయసులో దీపం పట్టుకొని ఎక్కినందుకు.

నాలుగు రోజులు ఆలోచించాను. ఆ ఫ్రేమును బాగు చేయించవద్దు.

ఎందుకో చెబుతాను. ఆ సైకిల్ మీద మోచేతులు మెత్తల మీద ఆనించి, కొమ్ములు పట్టుకొని, కడుపు మీదికి వంగి పోవాలి. అప్పుడు చేతులు బ్రేకులకు దూరం. దిగుడు వచ్చినప్పుడు కింద ఉన్న బండిని నమ్మితేనే అట్లా వంగగలం. వాళ్ళు ఎంత గట్టిగా అతికినా, ఆ జానెడు చోటులోంచి ఏ చప్పుడు వస్తుందా అని నేను దారి పొడుగునా వింటూ కూర్చుంటాను. ఏడాదిగా నా ఒంటిని నేను అట్లాగే వింటున్నాను మామా. ఇంక చేతకాదు. దాన్ని పోనిద్దాం.

కానీ అంతా పోనివ్వను. కాశీరాంకు చెప్పి చక్రాలు, సీటు, ఆ కొమ్ములు విప్పించు. నిలేశ్ కాలేజీ రోజుల్లో తొక్కిన స్టీలు సైకిల్ ఒకటి దుకాణం వెనక ఉంది. బరువే, అయినా కొట్టి చూస్తే అన్ని చోట్లా ఒకటే మోత. పొడవు కొలత ఈ కాగితం వెనక గీశాను. చక్రాలు సరిపోతాయో లేదో అడుగు. సరిపోకపోతే కొమ్ములైనా చాలు. పందేలు తర్వాత చూద్దాం. ముందు మా ఊరి బయట ఘాట్ రోడ్డు వరకు వెళ్ళి రావాలి, పోను పదకొండు కిలోమీటర్లు.

మళ్ళీ కడుపుతో ఉండాలా వద్దా అన్నది నేనూ నిలేశ్ ఇంకా మాట్లాడుకోలేదు. సైకిల్ ఎక్కాక మాట్లాడుకుంటాం. పోయిన ఇద్దరికీ పేర్లు పెట్టుకున్నాను. కాగితం మీద రాయడానికి చేయి రాలేదు. కొమ్ములు పట్టుకొని నువ్వే వస్తే చెబుతాను. ఏ కథా చెప్పకు, ఊరికే కూర్చో.

ఎక్కడం నాకు భయమేనని నిన్న అత్తమ్మతో అన్నాను. ఆమె రొట్టె కాలుస్తూనే జవాబు చెప్పింది. నిలేశ్ స్కూటీని నడపడం తాను నేర్చుకుంటుందట. యాభై ఎనిమిదేళ్ళ వయసులో. మొన్నటి నుంచి వెనక గల్లీలో మొదలుపెట్టింది కూడా, మోకాలు గీరుకుపోయింది.

"నువ్వు ముందల వో," అంది. "ఎంత దూరం వోతవో వో. ఎన్క నేనున్న."

ప్రాచి